మూడు సింహాలు మనవి కావు

విజయవాడలో ప్రింటింగ్ ప్రెస్ నడిపి, వయసు మీదపడ్డాక బెంగళూరు కుందలహళ్ళిలో ఉన్న అబ్బాయి దగ్గరికి వచ్చేశాను. లిఫ్టులో తెలుగు వినపడని రోజు ఉండదు కాబట్టి పరాయి ఊరనిపించలేదు. అసోసియేషన్ వాళ్ళు కరపత్రం వేసినా, పిల్లలు సైన్స్ ఫెయిర్‌కి బ్యానర్ చేసినా ప్రూఫ్ నా దగ్గరికే వస్తుంది. చాలాసార్లు పై మూలలో ఏదో ఒక ప్రభుత్వ ముద్ర కనిపిస్తుంది. "నిండుగా ఉంటుందని పెట్టాం అంకుల్" అంటారు. వాళ్ళకి చెప్పేవే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

1. మూడు సింహాల జోలికి పోవద్దు.

సారనాథ్‌లోని అశోక స్తంభ శీర్షాన్ని 1950 జనవరి 26న మన జాతీయ చిహ్నంగా తీసుకున్నాం. అది దుర్వినియోగం కాకుండా 2005లో చట్టం, 2007లో నిబంధనలు వచ్చాయి. వ్యాపారానికి గానీ వృత్తికి గానీ వాడకూడదు. ఇదేదో సర్కారు కాగితం అనిపించేలా వాడకూడదు. కాస్త మార్చి గీశామన్నా కుదరదు. శిక్ష రెండేళ్ళ దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

ప్రెస్‌కి రిటైరైన పెద్దమనిషి ఒకరు విజిటింగ్ కార్డుల కోసం వచ్చారు. ఐవరీ కార్డు మీద బంగారు రంగులో సింహాలు, కింద పేరు, పేరు కింద పాత హోదా కావాలన్నారు. హోదా ముందు 'రిటైర్డ్' అన్న మాట మాత్రం భూతద్దం పెట్టి చూడాల్సినంత సన్నగా రావాలట. "సర్వీసంతా వాడిందే కదయ్యా" అన్నారు. నిబంధనల్లో దీనికి సూటిగానే జవాబుంది. మాజీ మంత్రులు, మాజీ ఎంపీలు, మాజీ ఎమ్మెల్యేలు, మాజీ న్యాయమూర్తులు, రిటైరైన అధికారులు ఎవరూ వాడకూడదు. పదవిలో ఉండి వాడుకునే హక్కున్నవాళ్ళు కూడా అదే కార్డు మీద అడ్వకేట్ అనో, ఎడిటర్ అనో, చార్టర్డ్ అకౌంటెంట్ అనో వేసుకోకూడదు. సింహాలు తీసేసి, పేరు రెండు పాయింట్లు పెంచి ఇచ్చాను. కార్డు బాగానే వచ్చింది, ఆయన మొహమే బాగాలేదు.

హక్కున్న ఆఫీసులకీ ఒక మాట. కింద దేవనాగరిలో 'సత్యమేవ జయతే' లేకపోతే ఆ చిహ్నం పూర్తయినట్టు కాదు. చోటు చాల్లేదని దాన్ని కోసేసిన బోర్డులు చూస్తే నాకు ఇప్పటికీ చెయ్యి దురద పెడుతుంది.

2. నోటిమాట అనుమతి కాదు.

"ఇంజనీరుగారు లోగో వేసుకోమన్నారు" అంటూ వస్తారు. ఆయనకి బదిలీ అయితే ఆ మాటకీ బదిలీ అయినట్టే. ఏ కార్యక్రమానికి, దేని మీద, ఎన్నాళ్ళు అన్నది రాసి, సంతకం చేసి ఇమ్మనండి. ఇవ్వకపోతే లోగో లేకుండానే అచ్చు వేయండి.

3. సంబంధం ఏమిటో మాటల్లో రాయండి.

అపార్ట్‌మెంటులో కంటి పరీక్షల శిబిరం పెట్టారనుకోండి. 'ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరుగారు వస్తున్నారు' అని రాస్తే అది నిజం. అదే పైన ఆరోగ్య శాఖ లోగో వేస్తే శిబిరం పెట్టింది ఆ శాఖే అనుకుంటారు. రేపు చుక్కల మందు ఎవరికైనా పడకపోతే జవాబు చెప్పాల్సింది ఎవరు? ఇక చందా రసీదుల మీద ఏ లోగోలూ వద్దే వద్దు.

4. అభిమానం ఉన్నంత మాత్రాన హక్కు రాదు.

ఉపగ్రహాలను కూర్చి పరీక్షించే ఇస్రో ప్రాంగణం ఐసైట్ మనకి దగ్గర్లో, మారతహళ్ళి వైపే ఉంది. పిల్లలకి ఇస్రో అంటే ప్రాణం. ప్రతి సైన్స్ ఫెయిర్ బ్యానర్ మీదా ఆ నారింజ బాణం, నీలం రెక్కలు ఎక్కించేస్తారు. రాకెట్ బొమ్మ మీరే గీయండి, ఇస్రో పేరు అక్షరాల్లో రాయండి, లోగో మాత్రం వాళ్ళని అడిగి తెచ్చుకోండి అంటాను. "మరి నాసా టీషర్టులు వీధివీధినా ఉన్నాయిగా తాతయ్యా" అని ఒక గడుసుపిల్ల నిలదీసింది. నాసా తన లోగోకి డబ్బు తీసుకోదు గానీ, టీషర్టు తయారీదారు డిజైన్ చూపించి ఒప్పించుకోవాలి. ఆ సరుకుని నాసా మెచ్చుకున్నట్టు ఎక్కడా అనిపించకూడదు. వీధిలో అమ్మేవాళ్ళు అడిగారో లేదో మాత్రం నన్ను అడగొద్దన్నాను.

5. ఇవాళ్టి ముద్ర రేపు ఉండకపోవచ్చు.

మన అసోసియేషన్ సెక్రటరీగారి కంప్యూటర్లో ఇంకా పాత కార్పొరేషన్ బీబీఎంపీ లోగోనే ఉంది. 2025 సెప్టెంబరులో బెంగళూరు ఐదు కార్పొరేషన్లయి, మనం తూర్పు కార్పొరేషన్‌లోకి వెళ్ళాం. ఆంధ్రప్రదేశ్ రాజముద్ర 2018లో మారింది. 2024లో తెలంగాణ ఆర్టీసీ పేరు మారగానే కొత్త లోగో అంటూ ఒకటి ఫోన్లన్నీ తిరిగింది. అది తమది కాదని సంస్థే చెప్పుకోవాల్సి వచ్చింది.

పేర్ల కోసం ప్రభుత్వ సంస్థలే కోర్టుకెక్కాయి. కేఎస్ఆర్‌టీసీ అన్న పొట్టిపేరు కేరళ 1965 నుంచీ, కర్ణాటక 1973 నుంచీ వాడుతున్నాయి. గండభేరుండం బొమ్మతో సహా కర్ణాటక ట్రేడ్‌మార్క్ తీసుకుంటే, కేరళ సవాలు చేసింది. 2023 డిసెంబరులో మద్రాసు హైకోర్టు కేరళ పిటిషన్ కొట్టేసింది. ఆ రెండు రాష్ట్రాలకే కోర్టు మెట్లు తప్పకపోతే, అనుమతి అడగని అసోసియేషన్ ఎంత?

6. ముద్ర చూసి భయపడొద్దు.

ఇది నా ఈడువాళ్ళకి. వాట్సాప్‌లో సింహాలు, సీబీఐ ముద్ర, గుండ్రటి స్టాంపు, సంతకం అన్నీ ఉన్న కాగితం వస్తుంది. వెంటనే వీడియో కాల్‌లో ఖాకీ చొక్కా కనిపిస్తుంది. 'డిజిటల్ అరెస్ట్' అయ్యారు, గది దాటొద్దు, డబ్బు పంపండి అంటారు. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు. ప్రధాని కూడా 2024 అక్టోబరులో మన్ కీ బాత్‌లో ఈ సంగతే చెప్పారు. లోగో దించుకుని కాగితం మీద అతికించడం ఎంత తేలికో ప్రెస్‌వాణ్ణి నాకు తెలుసు, డీటీపీ కుర్రాడికి పది నిమిషాల పని. ఫోన్ పెట్టేసి, పక్క ఫ్లాట్ తలుపు కొట్టి, 1930కి ఫిర్యాదు చేయండి.