కంచ భూముల సహజ పచ్చికపై నత్రజని ప్రభావం

హైటెక్ సిటీ సమీపంలోని కంచ గచ్చిబౌలి పేరులో 'కంచ' అంటే పశువుల మేతకు విడిచిన భూమి. దక్కను పీఠభూమిలోని ఇటువంటి బీళ్లు సెహిమా–డైకాంథియం పచ్చిక మండలానికి చెందినవి. ఇక్కడి ఎర్ర చల్క నేలల్లో సేంద్రియ పదార్థం, నత్రజని తక్కువ. తొలకరికి నేల తడిశాక నత్రజని వేస్తే గడ్డి దుబ్బులు అధికంగా పిలకలు వేసి, పశుగ్రాస దిగుబడి, మాంసకృత్తుల శాతం పెరుగుతాయి.

హెక్టారుకు 40 కిలోల నత్రజని అందించడానికి 46 శాతం నత్రజని గల యూరియా సుమారు 87 కిలోలు అవసరం. వర్షాభావంలో ఈ వ్యయం వృథా. పైగా గడ్డిలో నైట్రేటు పేరుకొని పశువులకు హాని కలగవచ్చు. ఏటా వేస్తే ఏపుగా పెరిగిన గడ్డి నీడలో పప్పుజాతి మొక్కలు క్షీణించి, అవి గాలి నుండి స్థిరీకరించే నత్రజని కూడా తగ్గుతుంది. కావున వర్షాధార బీళ్లలో మేత నియంత్రణకు, స్టైలో విత్తడానికి తొలి ప్రాధాన్యమిచ్చి, తేమ ఉన్నప్పుడే యూరియా సిఫారసు చేయాలి.