సుదూర గ్రహాల గాలిని చదివే కొలువులు

దాదాపు 700 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న వాస్ప్-39బి అనే గ్రహం మీద కార్బన్ డయాక్సైడ్ ఉందని 2022 ఆగస్టులో ప్రకటన వెలువడింది. సౌరకుటుంబం బయటి గ్రహంపై ఆ వాయువు జాడ అంత స్పష్టంగా దొరకడం అదే తొలిసారి. పేరంతా జేమ్స్ వెబ్ టెలిస్కోపుకే వచ్చింది. అది పంపిన డేటాను శుభ్రం చేసి, ఒక బృందం లెక్కను మరో బృందం లెక్కతో సరిచూసి, అందరికీ పనికొచ్చే రూపానికి తెచ్చినవాళ్లు మాత్రం వార్తల్లోకి రాలేదు. ఫిజిక్సూ కోడింగూ రెండూ ఇష్టపడే విద్యార్థులకు సరిగ్గా నప్పే పని అది.

ఏమిటీ పని?

గ్రహం తన నక్షత్రానికి అడ్డుగా వచ్చినప్పుడు నక్షత్రపు వెలుగు కాస్త తగ్గుతుంది. ఆ వెలుగులో కొంచెం గ్రహ వాతావరణం గుండా వడకట్టుకుని మన వైపు వస్తుంది. ఏ వాయువు ఉంటే ఆ వాయువు తనకు తగిన తరంగదైర్ఘ్యాల దగ్గర కాంతిని పీల్చుకుంటుంది. కార్బన్ డయాక్సైడ్ 4.3 మైక్రోమీటర్ల దగ్గర పట్టుబడింది అలాగే.

వాస్ప్-39బి అడ్డొచ్చినప్పుడు తగ్గే వెలుగు 2 శాతం పైచిలుకు. అందులో వాతావరణం వల్ల వచ్చే తేడా చాలా చిన్నది. డిటెక్టర్ చేసే రొద, నక్షత్రం మీది మచ్చలు, టెలిస్కోపు గురిలో వచ్చే సూక్ష్మమైన కదలికలు కూడా అలాంటి తేడాలు తేగలవు. వాటన్నిటినీ విడదీసి వాతావరణం సంకేతాన్ని బయటికి తీయడం స్పెక్ట్రోస్కోపీ డేటా నిపుణుల పని.

ఈ రంగం వయసు పాతికేళ్లు కూడా సరిగ్గా లేదు. హెచ్‌డీ 209458బి అనే గ్రహం వాతావరణంలో సోడియం ఉన్నట్లు హబుల్ టెలిస్కోపు ద్వారా కనుగొన్న పరిశోధన 2002లో అచ్చయింది. ఇలాంటి గ్రహాల వాతావరణాన్ని గుర్తించడం అదే మొదలు. ఇప్పుడు ధ్రువీకరించిన ఎక్సోప్లానెట్ల (సౌరకుటుంబం బయటి గ్రహాల) సంఖ్య 6,000 దాటింది. యూరప్ అంతరిక్ష సంస్థ సిద్ధం చేస్తున్న ఏరియల్ టెలిస్కోపు ఒక్కటే దాదాపు 1,000 గ్రహాల వాతావరణాలను పరిశీలించాలన్నది లక్ష్యం. అంత డేటాను ఒక దారికి తేవాలంటే మనుషులు కావాలి.

ఒకే గ్రహం, నాలుగు కొలతలు

వాస్ప్-39బిని జేమ్స్ వెబ్ నాలుగు రకాల పరికర పద్ధతుల్లో చూసింది. డేటాను వెంటనే అందరికీ అందుబాటులో పెట్టారు. వేర్వేరు బృందాలు సొంత సాఫ్ట్‌వేర్లతో లెక్కలు కట్టాయి. ఒకే పొలాన్ని నలుగురు నాలుగు గొలుసులతో కొలిచినట్టు, ఫలితాలు దగ్గరగా వచ్చాయి కానీ అచ్చంగా అతకలేదు. గ్రహ కక్ష్య కొలతలను ఒక్కో బృందం కాస్త తేడాగా తీసుకోవడం, నక్షత్రం అంచుల దగ్గర వెలుగు మందగించే తీరును ఒక్కో రకంగా లెక్కించడం అందుకు కొన్ని కారణాలు. పైగా ఒక పద్ధతిలో తక్కువ తరంగదైర్ఘ్యాల వైపు నక్షత్రపు వెలుగు ఎక్కువై డిటెక్టర్ నిండిపోయింది. ఆ భాగాన్ని ఆచితూచి వాడాల్సి వచ్చింది.

చివరికి కార్టర్ అనే శాస్త్రవేత్త నాయకత్వంలోని బృందం నక్షత్రం, కక్ష్యల వివరాలన్నిటికీ ఒకే విలువలు పెట్టి మొత్తం డేటాను మళ్లీ విశ్లేషించి, 2024లో నేచర్ ఆస్ట్రానమీలో ప్రచురించింది. డేటా సమన్వయం అంటే ఇదే. కొత్త వాయువును కనుక్కున్నంత సందడి దీనికి ఉండదు. కానీ ఇది లేకపోతే ఆ వాయువు ఎంత మోతాదులో ఉందో గట్టిగా చెప్పడం కష్టం.

పొరపాటు ఎక్కడ దూరుతుంది?

సోడియం రేఖనే తీసుకుందాం. గాలిలో కొలిస్తే దాని తరంగదైర్ఘ్యం 5889.95 ఆంగ్‌స్ట్రాములు, శూన్యంలో 5891.58. భూమ్మీది అబ్జర్వేటరీలు గాలి విలువలు ఇవ్వడం మామూలే. అంతరిక్ష టెలిస్కోపుల డేటాలో సాధారణంగా శూన్యం విలువలు ఉంటాయి. చూసుకోకుండా రెండూ కలిపేస్తే ఆ తేడా సెకనుకు సుమారు 80 కిలోమీటర్ల వేగంలా కనిపిస్తుంది. గ్రహం కదలికను వేగం ఆధారంగా పట్టుకునే పరిశోధనకు అంతకంటే దెబ్బ ఉండదు.

సమయమూ అంతే. మామూలు యూటీసీ గడియారానికీ, ఖగోళ లెక్కల్లో వాడే టీడీబీ సమయానికీ ఇప్పుడు 69 సెకన్ల తేడా ఉంది. ఫైలులో ఏది రాశారో చూడకపోతే గ్రహం వచ్చే వేళే తప్పుతుంది.

అందుకే ఏ ఫైలు ఎక్కడి నుంచి వచ్చింది, ఏ వెర్షన్ సాఫ్ట్‌వేర్‌తో శుద్ధి చేశారు, వాయువుల రేఖల పట్టికను లండన్‌లో తయారయ్యే ఎక్సోమోల్ నుంచి తీసుకున్నారా, అమెరికాలోని హైట్రాన్ నుంచా అన్నది రాసిపెట్టే అలవాటుకు ఇక్కడ చాలా విలువ.

కే2-18బి అనే గ్రహం మీద రేగిన వివాదం ఇందుకు ఉదాహరణ. వారణాసి ఐఐటీలో చదివిన నిక్కు మధుసూదన్ నాయకత్వంలోని కేంబ్రిడ్జ్ బృందం ఆ గ్రహంపై మీథేన్, కార్బన్ డయాక్సైడ్ ఉన్నట్లు 2023లో చెప్పింది. 2025 ఏప్రిల్‌లో డైమిథైల్ సల్ఫైడ్ లాంటి అణువుల ఆనవాళ్లూ దొరికాయంది. భూమ్మీద ఆ వాయువు ప్రధానంగా సముద్ర జీవుల నుంచి వస్తుంది. అదే డేటాను తిరిగి పరిశీలించిన ఇతర బృందాలు ఆధారం చాలదన్నాయి. డేటా, విధానం బయట ఉన్నాయి కాబట్టే ఆ తనిఖీ సాధ్యమైంది.

ఏం చదవాలి?

ఇంటర్ ఎంపీసీ విద్యార్థులు ఐఏటీ రాసి తిరుపతి సహా ఐసర్లలో, నెస్ట్ రాసి భువనేశ్వర్‌లోని నైసర్‌లో చేరవచ్చు. బీఎస్సీ ఫిజిక్స్ చదివేవారికి జామ్ ద్వారా ఐఐటీల్లో ఎమ్మెస్సీ ఉంది. ఇండోర్ ఐఐటీలో ఖగోళశాస్త్రంలోనే ఎమ్మెస్సీ చేయవచ్చు. హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి సొంత ఖగోళశాస్త్ర విభాగమూ, జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ చరిత్రా ఉన్నాయి. పీహెచ్‌డీకి జెస్ట్ ముఖ్యమైన పరీక్ష. బెంగళూరులోని ఐఐఏ, అహ్మదాబాద్‌లోని పీఆర్‌ఎల్‌లలో ఎక్సోప్లానెట్లపై పని జరుగుతోంది. మౌంట్ అబూలో పీఆర్‌ఎల్ నడిపే పారస్ స్పెక్ట్రోగ్రాఫులు గ్రహాలను కనుగొన్నాయి కూడా.

బీటెక్ చదివినవారికి తలుపులు మూసుకుపోలేదు. పైథాన్, అందులో ఆస్ట్రోపై, ఖగోళ డేటాను దాచే ఫిట్స్ ఫైళ్లు, గిట్, బేసియన్ గణాంకాలు వచ్చినవారికి సాఫ్ట్‌వేర్ పైప్‌లైన్ల వైపు అవకాశం ఉంటుంది. తాను చేసింది ఇంకొకరికి అర్థమయ్యేలా రాయగలగడం వీటన్నిటితో సమానం.

ఉద్యోగాల సంగతి

ఈ ఒక్క అంశం మీదే శాశ్వత ఉద్యోగాలు తక్కువ. ఎక్కువమందికి పీహెచ్‌డీ తర్వాత విదేశాల్లో పోస్ట్‌డాక్ తప్పదు. ఆర్కైవ్ శాస్త్రవేత్త, పరికర నిపుణుడు, పైప్‌లైన్ ఇంజినీర్ లాంటి పోస్టులు బాల్టిమోర్‌లోని స్పేస్ టెలిస్కోప్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ వంటి చోట్ల ఉంటాయి. ఈ దారిలో పెట్టిన శ్రమ మాత్రం వృథా పోదు. వాతావరణం గుండా కాంతి ఎలా ప్రయాణిస్తుందన్న లెక్కే హైదరాబాద్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీలో ఉపగ్రహ చిత్రాలను సరిదిద్దడానికీ, తిరుపతి దగ్గర గాదంకిలోని ఎన్‌ఏఆర్‌ఎల్‌లో భూ వాతావరణ పరిశోధనకూ కావాలి. డేటా సైన్స్ కంపెనీల సంగతి చెప్పనక్కర్లేదు.

ఇప్పుడే మొదలుపెట్టాలంటే

జేమ్స్ వెబ్ డేటా మాస్ట్ అనే ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతుంది. వాస్ప్-39బి ఫైళ్లు దించుకుని, యురేకా అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో శుద్ధి చేసి, వచ్చిన గ్రాఫును ప్రచురితమైన గ్రాఫుతో పోల్చి చూడవచ్చు. చిన్న టెలిస్కోపు అందుబాటులో ఉంటే ఎక్సోక్లాక్ ప్రాజెక్టులో చేరి, ఏరియల్ చూడబోయే గ్రహాలు ఏ వేళకు అడ్డొస్తాయో కొలిచి పంపవచ్చు. టెలిస్కోపు లేనివారు కాగల్ అనే వెబ్‌సైట్‌లో జరిగిన ఏరియల్ డేటా ఛాలెంజ్‌లను సాధన చేయవచ్చు. మీ ఫలితానికీ ప్రచురిత ఫలితానికీ తేడా ఎక్కడ, ఎందుకు వచ్చిందో రాసిన నోట్సును గిట్‌హబ్‌లో పెట్టండి. సమ్మర్ ఇంటర్న్‌షిప్ దరఖాస్తుతో పాటు ఆ లింకూ పంపండి. ప్రవేశ పరీక్షల అర్హతలు, గడువులు ఏటా మారుతుంటాయి కాబట్టి దరఖాస్తుకు ముందు ఆయా సంస్థల తాజా ప్రకటనలు తప్పక చూడండి.