ఆ ఐపీ అడ్రస్ ఎవరిది?

ప్రశ్న: మా లక్కబొమ్మల వెబ్‌సైట్‌లోకి ఒకే ఐపీ అడ్రస్ నుంచి ఎవరో పాస్‌వర్డ్‌లు మార్చి మార్చి చొరబడాలని చూస్తున్నారు. ఎవరికి చెప్పాలి?
– ఒక బొమ్మల తయారీదారు, ఏటికొప్పాక

జవాబు: ఐపీ అడ్రస్‌లు కేటాయించే ఏపీనిక్ సంస్థ వెబ్‌సైట్‌లోని 'హూయీజ్'లో ఆ అడ్రస్ కొట్టండి. ఆసియా-పసిఫిక్ అడ్రస్‌ల పద్దు అక్కడ ఉంటుంది. వేరే ప్రాంతానిదైతే ఏ రిజిస్ట్రీలో చూడాలో తెలుస్తుంది. వివరాల్లో 'అబ్యూజ్-మెయిల్‌బాక్స్' అనే వరుసలోని ఈమెయిలే మీకు కావలసింది. ఏపీనిక్‌కే ఫిర్యాదు చేసి లాభం లేదు. అది అడ్రస్‌లు కేటాయిస్తుందే తప్ప ఎవరి కనెక్షనూ ఆపలేదు.

ఆ ఈమెయిల్‌కు పంపే ఫిర్యాదులో సర్వర్ లాగ్ వరుసలు, తేదీ, సమయం, అది ఏ దేశ కాలమానమో రాయండి. 'హూయీజ్'లో కనిపించిన కంపెనీయే దొంగ అనుకోవద్దు. వాళ్ల కస్టమర్ కంప్యూటర్‌కు వైరస్ సోకి ఉండొచ్చు. డబ్బు పోతే మాత్రం వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.