కొన్న పాట మనదేనా? తాళం వేరు, ఫార్మాట్ వేరు



యాప్‌లో డౌన్‌లోడ్ చేసుకున్న పాట అన్నయ్య ఫోనుకు పంపితే ఎందుకు పాడదు, ఫార్మాట్ మారిస్తే పాడుతుందా అని పిల్లలు నన్ను తరచుగా అడుగుతుంటారు. ఈ ప్రశ్నలో రెండు విషయాలు కలిసిపోయాయి. వాటిని విడదీసి చూద్దాం.

ఫార్మాట్: పాటను అంకెల్లో రాసి ఉంచే పద్ధతి ఇది. ఆడియో సీడీలో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలుస్తారు. ఒక్కో కొలతకు 16 బిట్లు. ఎడమ, కుడి కలిపి 2 చానళ్ళు. మూడింటినీ గుణిస్తే సెకనుకు 14,11,200 బిట్లు. అంటే 4 నిమిషాల పాటకు సుమారు 4 కోట్ల 23 లక్షల బైట్లు. అదే పాట సెకనుకు 1,28,000 బిట్ల ఎం.పి.3లో 38 లక్షల 40 వేల బైట్లే. చెవి అంతగా గుర్తించని వివరాలను వదిలేయడం వల్లనే ఇంత పొదుపు. వదిలేసినవి తిరిగి రావు. కనుక అలాంటి ఫైలును 3,20,000 బిట్లకు మార్చినా సైజు పెరుగుతుందే గాని నాణ్యత పెరగదు. ఎం.పి.3ని ఏ.ఏ.సి.గా మారిస్తే మరికొంత పోతుంది. ఫ్లాక్ ఫార్మాట్‌లో మాత్రం ఏమీ పోదు. సొంత సీడీలను దాచుకునేవారికి అదే మేలు.

తాళం: దీన్ని డి.ఆర్.ఎం. అంటారు. ఫైలును రహస్య సంకేతాలతో మూసి, దాన్ని తెరిచే తాళంచెవిని అనుమతి ఉన్న పరికరానికే ఇస్తారు. మామూలు మార్పిడి సాఫ్ట్‌వేరు ఆ ఫైలును చదవలేదు. కాబట్టి ఫార్మాట్ మార్చడం తాళం తీయడం కాదు.

ఆపిల్ సంస్థ 2003లో ఐట్యూన్స్ దుకాణాన్ని తాళం వేసిన ఏ.ఏ.సి. పాటలతోనే తెరిచింది. వాటిని సీడీలోకి ఎక్కించుకోనిచ్చేది. ఆ సీడీ నుంచి ఎం.పి.3 చేసుకుంటే తాళం ఉండదు, కాని నాణ్యత రెండోసారి తగ్గుతుంది. 2009లో ఆ దుకాణం తాను అమ్మే పాటలకు తాళం తీసేసింది.

మైక్రోసాఫ్ట్ వారి ఎం.ఎస్.ఎన్. మ్యూజిక్ కథ వేరు. ఆ దుకాణం 2006లో అమ్మకాలు ఆపింది. 2008 ఆగస్టు 31 తర్వాత కొత్త కంప్యూటర్లకు తాళంచెవులు ఇవ్వబోమని అదే ఏడాది ఏప్రిల్‌లో కొనుగోలుదారులకు తెలిపింది. నిరసనలు రావడంతో గడువును కనీసం 2011 చివరిదాకా పొడిగించింది. పూర్తి ధర చెల్లించినా, కొన్నవారి చేతికి వచ్చింది అనుమతి మాత్రమే.

చట్టం: 2012లో మన కాపీరైట్ చట్టంలో 65ఎ సెక్షన్ చేరింది. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో ఇలాంటి తాళాన్ని ఛేదిస్తే 2 సంవత్సరాల దాకా జైలు, జరిమానా ఉంటాయి. "తాళం తీసే సాఫ్ట్‌వేరు" అని కనబడినదల్లా దించుకోకండి.

తల్లిదండ్రులకు మనవి: ఇదే తాళం ఇప్పుడు ఈ-పుస్తకాలకు, వీడియో పాఠాలకు కూడా ఉంటోంది. స్కాలర్‌షిప్ డబ్బుతో కొనేముందు మూడు ప్రశ్నలు అడగండి. ఎన్ని పరికరాల్లో పనిచేస్తుంది? ఎంతకాలం? చందా లేదా కంపెనీ ఆగిపోతే మన దగ్గర ఏం మిగులుతుంది? తాళం లేని ఫైలు దొరికితే అదే కొని, రెండు చోట్ల భద్రపరచండి.

అభ్యాసం: సెకనుకు 2,56,000 బిట్ల చొప్పున 5 నిమిషాల పాటకు ఎన్ని బైట్లు కావాలి? (జవాబు: 96 లక్షలు.)