కొంచెములో నమ్మకత్వం



2010 నవంబరు 4న సింగపూర్ నుండి సిడ్నీకి బయలుదేరిన క్వాంటాస్ ఏ380 విమానం గాలిలోకి లేచిన కొద్ది నిమిషాలకే ఒక ఇంజిన్ పేలింది. అందులో 469 మంది ఉన్నారు. సిబ్బంది విమానాన్ని తిరిగి సింగపూర్‌లోనే దింపారు. అందరూ క్షేమంగా బయటపడ్డారు.

ఆస్ట్రేలియా రవాణా భద్రతా సంస్థ దర్యాప్తు చేసి కారణం తేల్చింది. ఇంజిన్ లోపల ఆయిల్ వెళ్లే ఒక చిన్న గొట్టానికి రంధ్రం సరిగ్గా మధ్యలో కాక కాస్త పక్కకు తొలిచారు. దానితో గొట్టం గోడ ఒకవైపు పలుచబడింది. అది పగిలి, ఆయిల్ కారి, మంట అంటుకుంది. ఆ నివేదికలో ఇంకో మాట కూడా ఉంది: ఆ భాగం తయారైన చోట, తాము చిన్నవనుకున్న లోపాలను పైవారికి తెలియజేయకుండా వదిలేయడం అలవాటైపోయింది.

గమనించండి. లోపం చిన్నదని అనుకునేది పనిచేసేవారు. దాని ఫలితం మోసేది వేరొకరు.

మనలో కొందరు కోడ్ రాస్తున్నారు, కొందరు ఆసుపత్రుల్లో, వృద్ధాశ్రమాల్లో పనిచేస్తున్నారు. ఫెయిలైన టెస్టును పక్కనపెట్టి ముందుకు వెళ్లినా, మందు మోతాదు రెండోసారి చూడకుండా సంతకం పెట్టినా, మేనేజరుకు తెలియకపోవచ్చు. దేవునికి తెలుసు. లూకా 16:10లో ప్రభువు చెప్పింది ఈ కొంచెములోని నమ్మకత్వం గురించే.

ఈ వారం మీ పనిలో "పరవాలేదులే" అని వదిలేసిన ఒక్క విషయాన్ని గుర్తించి, చెప్పవలసిన వారికి చెప్పండి. దేవుడు మీ చేతిపనిని దీవించును గాక. ఆమెన్.