తిన్నదెంత? చెప్పినదెంత?

చరకసంహిత చెప్పిన దశవిధ పరీక్షలలో సాత్మ్యము ఒకటి. చిరకాలంగా అలవడి, దేహానికి హితమైనదే సాత్మ్యము. దీనిని తెలుసుకొనుటకు వైద్యుడు రోగి ఆహారపు అలవాట్లను అడుగుతాడు. నేటి పోషకాహార శాస్త్రజ్ఞులు ఇందుకు ప్రశ్నావళిని వాడుతారు. జొన్నరొట్టె వారానికి ఎన్నిసార్లు తింటారు? పూటకు ఎన్ని? ఇలా ఒక్కొక్క పదార్థాన్ని గూర్చి గడచిన ఏడాది అలవాటును అడుగుతారు. మధుమేహం, రక్తపుపోటు ఒకనాటి భోజనంతో వచ్చేవి కావు గదా! అయితే జవాబు తప్పితే పథ్యమూ తప్పుతుంది. అందుచేత ప్రశ్నావళిని కూడా పరీక్షించాలి.

రెండు పరీక్షలు

మొదటిది స్థిరత. కొంతకాలం తరువాత అడిగినా ఇంచుమించు అదే జవాబు రావాలి. ఇది మాత్రమే చాలదు. లోపమున్న తక్కెడ కూడా ప్రతిసారీ ఒకే తూకం చూపుతుంది.

రెండవది యథార్థత. వేర్వేరు దినాలలో, గడచిన 24 గంటలలో ఏమి తిన్నారో అడిగి ప్రశ్నావళి జవాబులతో పోల్చుతారు. రెండింటికీ జ్ఞాపకమే ఆధారం గనుక ఒకే పొరపాటు రెండుచోట్లా దొర్లవచ్చు. కాబట్టి కొన్ని పరిశోధనలలో 24 గంటల మూత్రాన్ని సేకరించి, అందులోని నత్రజనిని బట్టి మాంసకృత్తులను, సోడియంను బట్టి ఉప్పును అంచనా కడతారు.

మన దేశంలో లక్నో, నాగపూర్, హైదరాబాదు, బెంగళూరు ప్రాంతాల వారి కొరకు 184 పదార్థాలతో ఒక ప్రశ్నావళిని రూపొందించి, మూడు దినాల ఆహార వివరాలతో పోల్చి, 2012లో ఫలితాలు ప్రకటించారు. ప్రశ్నావళి లెక్కలో పోషకాలు అధికంగా కనిపించాయి. ఇటువంటి ప్రశ్నావళులు ఎక్కువ తినేవారెవరో, తక్కువ తినేవారెవరో వేరుచేయుటకు ఉపకరిస్తాయి. ఒక వ్యక్తి ఇన్ని గ్రాములు తిన్నాడని తేల్చుటకు వాటినే నమ్మరాదు.

మన ప్రాంతపు సంగతి

జహీరాబాదు చుట్టుపక్కల పల్లెలలో వానాకాలాన చేలలో తమంత తామే మొలిచే దొగ్గలికూర, జొన్నచెంచలి, తుమ్మికూర వండుకుంటారు. పట్నంలో తయారైన జాబితాలో ఈ పేర్లు లేకపోతే ఆ పోషకాలు లెక్కకే రావు. రొట్టె పరిమాణమూ ఇంటింటికీ వేరు.

గృహస్థులకు సూచనలు

1. వైద్యుని వద్దకు వెళ్లేముందు మూడు దినాలు, అందులో ఒకటి సెలవుదినం, తిన్నది తిన్నవెంటనే వ్రాసుకోండి. తేనీటిలోని చక్కెరను, సాయంకాలపు మిరపకాయ బజ్జీని మరువకండి.
2. అన్నానికి, కూరకు ఎప్పుడూ ఒకే గిన్నెను, ఒకే గరిటెను కొలతగా వాడండి.
3. నలుగురున్న ఇంట నెలకు 4 లీటర్ల నూనె ఖర్చయితే, తలకు రోజుకు సుమారు 30 గ్రాములు. "మేము కొంచెమే వాడతాము" అనే మాటను ఈ లెక్కతో సరిచూడండి.
4. వాన, చలి, ఎండ కాలాలలో ఒక్కొక్కసారి ఈ లెక్క మళ్లీ వ్రాయండి.

మధుమేహ రోగులు జంకుతో మిఠాయి సంగతి దాచరాదు. దాచినది వైద్యునికి తెలియదు. రక్తంలోని చక్కెర మాత్రం పెరుగుతుంది. అప్పుడు ఆహారంలోని లోపాన్ని మందు లోపమని పొరబడే ప్రమాదముంది. వ్రాసుకున్న లెక్కను వైద్యునికి చూపండి. మందు మోతాదును మాత్రం స్వయంగా మార్చుకోకండి.