మీ గుర్రం, జడ్జిగారి సవారీ
(ప్రశ్నలు - జవాబులు)

ప్రశ్న: మేం లీసెస్టర్‌లో ఉంటున్నాం. మా అమ్మాయి చిన్నప్పటి నుంచి గుర్రపు స్వారీ చేస్తోంది. ఇప్పుడు షోల్లో రిడెన్ హంటర్ క్లాసులో దిగుతానంటోంది. ఒక గుర్రాన్ని చూశాం. రంగు బాగుంది, తల ముచ్చటగా ఉంది. ఊళ్లో మా మావయ్యగారేమో సుడులు చూసి మరీ కొనమంటున్నారు. అసలేం చూడాలండీ?

జవాబు: రంగూ తలా చివర్న చూద్దురుగాని, ముందు కాళ్లు చూడండి. హంటర్ అనేది జాతి కాదు, పనిని బట్టి ఏర్పడిన రకం. మనిషిని మోస్తూ వేటలో రోజంతా బురద పొలాల్లో పరుగెత్తి, కంచెలూ కాలవలూ దూకి, మర్నాడు కుంటకుండా బయటికొచ్చే గుర్రమన్నమాట. ఇంగ్లండ్, వేల్స్‌లలో కుక్కలతో నక్కల వేటను 2005లోనే నిషేధించినా, షో రింగులో గీటురాయి ఇప్పటికీ అదే. ఐరిష్ డ్రాఫ్ట్‌కీ థరోబ్రెడ్‌కీ పుట్టిన గుర్రాలు ఈ క్లాసుల్లో ఎక్కువగా కనిపించేది అందుకే. మొదటిదాని నుంచి ఎముక బలం, నిదానం వస్తాయి. రెండోదాని నుంచి వేగం, దమ్ము.

ముందుకాలి మోకాలికి కాస్త దిగువన టేపు చుట్టి కొలవండి. ఎనిమిదిన్నర అంగుళాల చుట్టుకొలత తేలికపాటి తరగతికి చాలు. బరువైన తరగతికైతే తొమ్మిది దాటాల్సిందే. ఆ తరగతి గుర్రం 14 స్టోన్లకు, అంటే దాదాపు 89 కిలోలకు పైబడిన మనిషిని మోయగలగాలి. మూపు దగ్గర ఎత్తు 158 సెంటీమీటర్లు మించకపోతే స్మాల్ హంటర్ అని వేరే క్లాసుంది.

తర్వాత గట్టినేల మీద పగ్గం వదులుగా పట్టి నడిపించమనండి. వెనకకాలి గిట్ట, ముందుకాలి అచ్చును దాటి పడాలి. కళ్లు మూసుకుని చప్పుడు వినండి. నాలుగు అడుగులూ ఒకే తూకంలో వినపడకపోతే బేరం అక్కడితో ఆపేయండి.

మావయ్యగారి మాటా ఓ రకంగా పనికొస్తుంది. బ్రిటన్‌లో గుర్రం పాస్‌పోర్టులో సుడులు ఎక్కడెక్కడున్నాయో బొమ్మ మీద గుర్తుపెడతారు, ఆనవాలు కోసం. డబ్బు చేతులు మారకముందే, అమ్మేవాళ్లతో సంబంధం లేని వెట్‌తో అయిదు దశల పరీక్ష చేయించండి. పనిలో పనిగా ఆ సుడులూ సరిపోయాయేమో చూడమనండి.

ప్రశ్న: జడ్జిగారే గుర్రమెక్కి చూస్తారట, నిజమేనా? మాది నేనెక్కితే తప్ప మాట వినదు. (డబ్లిన్ నుంచి)

జవాబు: నిజమే. అమెరికాలో హంటర్ జడ్జి రింగు బయట కూర్చుని మార్కులు వేస్తారు. బ్రిటన్, ఐర్లండ్‌లలో రిడెన్ హంటర్‌ని ఎక్కే చూస్తారు. "నేనెక్కితేనే వింటుంది" అని మీరు మురిసిపోతున్నారు గానీ, ఈ క్లాసులో అది లోపం కిందే లెక్క. వారానికో కొత్త మనిషిని ఎక్కించండి: పొడుగువాళ్లని, బరువైనవాళ్లని, కాళ్లు కాస్త బిగించేవాళ్లని.

ముందు అందరూ కలిసి తిరగాలి: వాక్, ట్రాట్, క్యాంటర్, గ్యాలప్. ఆ తర్వాత వరసలో నిలబెడతారు. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. పక్క గుర్రాలు జడ్జి సవారీకి ఒక్కొక్కటే వెళ్లిపోతుంటే మీది చిందులు తొక్కకుండా ఉండాలి. జీను తీయించే సమయానికి మీ సహాయకులు తడిబట్ట, బ్రష్షుతో లోపలికొస్తారు. జీను కింది చెమట మరక తుడిచేసి, వెంట్రుకలు సరిచేయాలి. ఆపైన చేత్తో పట్టుకుని నడిపించి, ట్రాట్ చేయించాలి. ముందుకే చూస్తూ పరుగెత్తండి. వెనక్కి తిరిగి మొహంలో మొహం పెట్టారా, ఏ గుర్రమైనా అక్కడే ఆగిపోతుంది.

ప్రశ్న: మా అత్తయ్య నుదుటి పట్టీకి ముత్యాలు కుట్టించి పంపింది. పెట్టొచ్చా?

జవాబు: ఇంట్లో పెట్టి ఫొటో తీసి అత్తయ్యకి పంపండి. రింగులో మాత్రం వద్దు. హంటర్‌కి సాదా తోలు కళ్లెమే అందం. రంగు పట్టీలు హ్యాక్ అనే మరో రకం షో గుర్రాలవి. జూలు బిగుతుగా జడలల్లండి, మెడ పొట్టిగా ఉంటే జడలు ఎక్కువ వెయ్యండి. మీకు ట్వీడ్ కోటు, ప్రమాణాలకు సరిపడే హెల్మెట్ ఉంటే చాలు. ఇంకోమాట, బాగా మేపి లావెక్కిస్తే లోపాలు కప్పబడిపోతాయని ఎవరైనా చెబితే నమ్మకండి. కొవ్వు పట్టిన గుర్రానికి గిట్టల్లో లామినైటిస్ వచ్చే ప్రమాదం ఎక్కువ. అది ఒకసారి వస్తే షో సంగతి అటుంచి, నిలబడ్డమే నరకం.

ప్రశ్న: మలక్‌పేట రేసుల నుంచి రిటైరైన థరోబ్రెడ్ దొరుకుతోంది. హంటర్‌గా మలచవచ్చా?

జవాబు: తేలికపాటి రకానికి పనికి రావచ్చు. బ్రిటన్‌లో రేసులు మానిన గుర్రాలకు ప్రత్యేకంగా షో క్లాసులే ఉన్నాయి. కొనేముందు కాళ్ల వెనక టెండన్లను చేత్తో తడమండి. ఒక కాలికీ రెండో కాలికీ వేడిలో, లావులో తేడా ఉంటే వదిలేయండి. గ్యాలప్ మీరు నేర్పక్కర్లేదు, నేర్పాల్సింది ఆగడం. జాకీని నడుస్తుండగానే ఎక్కించుకోవడం అలవాటైన గుర్రం, నిలబడమంటే తికమకపడుతుంది. కొన్ని నెలలు పోటీల జోలికి పోకండి. కదలకుండా నిలబడి ఎక్కించుకోవడం వచ్చాక మళ్లీ రాయండి, దూకుళ్ల సంగతి అప్పుడు చూద్దాం.